క్లబ్ మీటింగ్, గెస్ట్ స్పీకర్, విరాళాల కార్యక్రమం: మొదటి ఫోన్ నుంచి చివరి లెక్క దాకా ఎలా చేయాలి?

ఏటా జూలై వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. రోటరీ అయినా లయన్స్ అయినా కొత్త ఏడాది జూలై 1నే మొదలవుతుంది. కొత్తగా సెక్రటరీ బాధ్యత తీసుకున్నవాళ్లు ఆ నెలలోనే ఫోన్ చేస్తారు. ఊళ్లు వేరైనా ప్రశ్నలు అవే. "మీటింగుకి పట్టుమని పదిమంది రావడం లేదండీ, ఏం చేయాలి?" "గెస్ట్‌ని పిలవాలంటే మొహమాటంగా ఉంది, ఎలా అడగాలి?" "చందా అనగానే మొహం చాటేస్తున్నారు, దారేంటి?"

ఒక చిన్న ఊరి సేవా క్లబ్‌లో రెండేళ్లు సెక్రటరీగా, మూడేళ్లు ట్రెజరర్‌గా చేశాను. ఈ మూడూ వేర్వేరు సమస్యలు కావని తెలుసుకోవడానికే నాకు ఆ ఐదేళ్లూ పట్టాయి. మీటింగులో వినదగ్గ మాట లేకపోతే జనం రారు. ఆ మాట ఊళ్లో ఉన్న ఒక అవసరాన్ని కళ్లకు కట్టకపోతే విరాళం అడగడానికి నోరు రాదు. అందుకే మూడింటినీ కలిపి ఒకే ఉదాహరణతో చెబుతాను: కుట్టుపని చేసే మహిళలకు చత్వారం కళ్లద్దాలు ఇప్పించడం. మీ ఊళ్లో అవసరం ఇంకోటి కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- క్లబ్ పేరు మీద బ్యాంకు ఖాతా, పాన్ కార్డు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండేలా ఖాతా తెరవండి.
- రిజిస్ట్రేషన్. మీది స్థానికంగా పెట్టుకున్న సంఘమైతే సొసైటీగా నమోదు చేయించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే వర్తిస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి.
- మినిట్స్ పుస్తకం. సీరియల్ నంబర్లు, కౌంటర్ ఫాయిల్ ఉన్న రసీదు పుస్తకాలు.
- పనిచేసే మైకు, దానికి విడి బ్యాటరీలు.
- మాట్లాడేవాళ్లకు ఎదురుగా కనిపించే గోడ గడియారం. చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ దీని సంగతి 4వ మెట్టులో చూస్తారు.

1. మీటింగు రోజును కదపకండి

"ఈసారి ప్రెసిడెంట్ గారికి కుదరదట, వచ్చే వారం పెట్టుకుందాం" అని ఒక్కసారి అన్నారంటే, సభ్యులకు తేదీ గుర్తుపెట్టుకునే అలవాటు పోతుంది. రోటరీలో ఒకప్పుడు వారం వారం కలవాల్సిందే. 2016లో నిబంధనలు సడలించాక నెలకు రెండు సమావేశాలైనా ఉంటే చాలు. చిన్న ఊళ్లకు ఇదే బాగుంటుంది. రెండో గురువారం, నాలుగో గురువారం అని పెట్టేసుకోండి. పెళ్లిళ్ల సీజన్ అయినా, నలుగురే వచ్చినా జరపండి.

సమయం గంటా ఐదు నిమిషాలు మించనివ్వకండి. మేము పాటించింది ఇది: 7:00కి టీ, పలకరింపులు. 7:10కి గత మినిట్స్, జమాఖర్చులు. 7:20కి అతిథి పరిచయం, 7:22కి ప్రసంగం. 7:47 నుంచి ప్రశ్నలు. 8:02కి వందన సమర్పణ, ఆ వెంటనే భోజనం.

మినిట్స్ పుస్తకంలో పద్యాలు రాయక్కర్లేదు. ఎవరు వచ్చారు, ఏం నిర్ణయించారు, ఏ పని ఎవరు ఎప్పటిలోగా చేస్తామన్నారు, ఈ మూడూ రాస్తే చాలు. తర్వాతి మీటింగు ఆ చివరి అంశం చదవడంతోనే మొదలుపెట్టండి.

2. అతిథి కంటే ముందు అవసరాన్ని వెతకండి

చాలా క్లబ్బులు "ఈసారి ఎవర్ని పిలుద్దాం?" అని మొదలుపెడతాయి. నా అనుభవంలో అది తలకిందుల దారి. ముందు "మన ఊళ్లో ఎవరికి ఏం కష్టంగా ఉంది?" అని అడగండి. ఇద్దరు సభ్యులు ఒక ఆదివారం పొద్దున అలా తిరిగి వస్తే చాలు. మాకు చత్వారం సంగతి అలాగే తెలిసింది. జాకెట్లకు హుక్కులు కుట్టే ఒకావిడ, సూదిలో దారం ఎక్కించడానికి బడి నుంచి మనవరాలు వచ్చేదాకా ఎదురుచూస్తోంది. పొద్దున్నే పది సూదులకు దారాలు ఎక్కించి వెళ్తుందట ఆ పిల్ల. పదీ అయిపోతే పని ఆగినట్టే.

అవసరం తేలాక, ఇంతకుముందే ఎవరైనా తీర్చారేమో కనుక్కోండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో అద్దాలు అందుకున్నవాళ్లు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019లో ఆ పేరుతోనే పథకం నడిచింది. అప్పటి అద్దాల పవర్ ఇప్పుడు చాలుతుందా, అసలు అద్దాలు ఉన్నాయా, విరిగిపోయాయా? ఆశా కార్యకర్తను అడిగితే వీధుల వారీగా చెబుతుంది.

3. అతిథిని పిలవడం

గెస్ట్ స్పీకర్ అంటే పెద్ద పేరున్నవాళ్లే అక్కర్లేదు. విషయం తెలిసి, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు. అలాంటి ఒక్క ప్రసంగం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే లయన్స్ చరిత్ర చూడండి. 1925లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన వాళ్ల మహాసభకు హెలెన్ కెల్లర్ అతిథిగా వచ్చి, అంధుల పక్షాన నిలబడమని అడిగారు. లయన్స్ క్లబ్బులు కంటి సేవను తమ ప్రధానమైన పనిగా తీసుకోవడానికి ఆ రోజే బీజం పడింది.

కనీసం మూడు వారాల ముందు అడగండి. తొలిసారి ఫోన్ చేసినా, రెండోసారి స్వయంగా వెళ్లి పిలవండి. మన దగ్గర ఇంటికి వెళ్లి పిలిచిన పిలుపే పిలుపు. తర్వాత వాట్సాప్‌లో వివరాలు పంపండి. ఇలా:

"డాక్టరు గారూ, నమస్కారం. రెండో గురువారం సాయంత్రం మా క్లబ్ మీటింగులో 'నలభై దాటాక సూదిలో దారం ఎందుకు ఎక్కదు?' అన్న విషయం మీద 25 నిమిషాలు మాట్లాడాలని మా కోరిక. వినేవాళ్లు 40 మంది దాకా ఉంటారు. వాళ్లలో సగం మంది కుట్టుపని చేసే మహిళలు. మీ మాటలయ్యాక 15 నిమిషాలు ప్రశ్నలు. 7:20కి మొదలుపెట్టి 8:05కి ముగిస్తాం. కారు 6:45కి ఆసుపత్రి దగ్గరకు వస్తుంది."

ఇందులో విషయం, వినేవాళ్లు, ఎంతసేపు, ఎలా రావాలి అన్నీ ఉన్నాయి. "కంటి ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పండి సార్" అని అడిగితే మాత్రం కాలేజీ పాఠం వినాల్సి వస్తుంది.

పరిచయానికి కావలసిన వివరాలు కూడా అప్పుడే నాలుగు వాక్యాల్లో అడిగి తీసుకోండి. పేరు, ఇంటిపేరు ఎలా పలకాలో ఖాయం చేసుకోండి. ముందురోజు సాయంత్రం గుర్తుచేస్తూ ఒక ఫోన్ చేయండి.

శాలువా కప్పాలా, వద్దా అని చాలామంది అడుగుతారు. కప్పండి, అది మన మర్యాద. ఒక్కటే శాలువా, ఒక్కరే కప్పాలి. మెమెంటో మానేసి ఆ డబ్బుతో అతిథి పేరు మీద రెండు జతల అద్దాలు ఇస్తున్నామని ప్రకటించండి. మేము అలా చేసిన ప్రతిసారీ అతిథుల మొహంలో సంతోషం చూశాను.

అతిథి ఆఖరి నిమిషంలో రాలేకపోతే మీటింగు రద్దు చేయకండి. సభ్యుల్లోనే ఒకరు తమ వృత్తి గురించి 20 నిమిషాలు మాట్లాడేలా ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోండి. మా క్లబ్‌లో ఎలక్ట్రికల్ షాపు నడిపే సభ్యుడు వానాకాలంలో ఎర్తింగ్ గురించి చెప్పిన రోజున అడిగినన్ని ప్రశ్నలు ఏ పెద్ద అతిథినీ అడగలేదు.

4. మీటింగు రోజు: వేదికను తగ్గించండి

నా మనసులో ఇప్పటికీ ముల్లులా ఉన్న సంగతి ఒకటి చెబుతాను. నేను సెక్రటరీగా ఉన్న మొదటి ఏడాది, పక్క పట్నం నుంచి ఒక కంటి డాక్టరు గారు వచ్చారు. 7 గంటలకు వేదిక మీద కూర్చోబెట్టాం. ఆ తర్వాత తొమ్మిది మందిని ఒక్కొక్కరినీ బిరుదులతో సహా వేదిక మీదకు పిలిచాం. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, పూలగుచ్ఛాలు, పాత ప్రెసిడెంటు మాటలు, జోన్ చైర్మన్ మాటలు. డాక్టరు గారి చేతిలో మడతపెట్టిన కాగితాలు నాలుగు ఉన్నాయి. మైకు ఆయనకు అందేసరికి 8:10. వెనక బిర్యానీ మూతలు తీసిన వాసన, పిల్లల ఏడుపు. ఆయన ఆ కాగితాలను తెరవకుండానే జేబులో పెట్టుకుని, ఏడు నిమిషాలు మాట్లాడి, నమస్కారం పెట్టి దిగిపోయారు. ఒక్క మాట అనలేదు. మళ్లీ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

ఆ రాత్రే రాసుకున్న నియమాలు ఇవి:

- వేదిక మీద మూడే కుర్చీలు: ప్రెసిడెంట్, సెక్రటరీ, అతిథి. మిగతా పెద్దలకు ముందు వరసలో చోటు, వేదిక మీద నుంచి అందరికీ కలిపి ఒకే నమస్కారం.
- పరిచయం రెండు నిమిషాలు. చదవడమే మంచిది.
- అతిథికి ముందు ఎవరూ "రెండు మాటలు" మాట్లాడరు. మాట్లాడాలనుకునేవాళ్లకు ప్రశ్నల సమయం ఉంది.
- ప్రసంగం అయ్యేదాకా వంట గిన్నెల మూతలు తీయకూడదు. కేటరింగ్ అబ్బాయికి ఇది ముందే గట్టిగా చెప్పండి.

వేదిక మీద కుర్చీ లేదని అలిగే పెద్దలు తప్పక ఉంటారు. మీటింగుకు రెండు రోజుల ముందే వాళ్ల దగ్గరకు వెళ్లి, "అన్నా, ఈసారి గెస్టుకి టైం ఇవ్వాలనుకుంటున్నాం, మీరు ముందు వరసలో ఉండి మొదటి ప్రశ్న అడగాలి" అని చెప్పండి. నాకు ఈ మాట ఒక్కసారి తప్ప ఎప్పుడూ పనిచేసింది.

ప్రశ్నల సమయంలో మొదట మౌనం ఉంటుంది. ముందే ఇద్దరికి చెరో ప్రశ్న ఇచ్చి ఉంచండి. మహిళలు వెనక కూర్చుంటే మైకు వాళ్ల దగ్గరకే తీసుకెళ్లండి.

అతిథి వెళ్లిన మర్నాడు కృతజ్ఞతల మెసేజ్, ఒక ఫొటో పంపండి. విరాళాల కార్యక్రమం పూర్తయ్యాక ఎన్ని జతలు ఇచ్చారో కూడా చెప్పండి. ఈ రెండోదే అందరూ మర్చిపోతారు.

5. విరాళాల కార్యక్రమం: పాసు అచ్చు వేయకముందే ఖర్చు రాబట్టండి

మన ఊళ్లలో ఎక్కువగా నడిచేది పాత పాటల సంగీత విభావరి. దాని బడ్జెట్ ఇలా ఉంటుందనుకోండి (అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి): హాలు 12,000, ఆర్కెస్ట్రా 30,000, మైక్ సెట్, లైట్లు 10,000, పాసులు, ఫ్లెక్సీలు 5,000, టీ, మంచినీళ్లు 5,000. మొత్తం 62,000 రూపాయలు. పాసు 200 చొప్పున 300 పాసులూ అమ్ముడుపోతే వచ్చేది 60,000. అంటే హాలు నిండినా, చప్పట్లు మోగినా, క్లబ్‌కు 2,000 నష్టం. ఇలా జరిగిన కార్యక్రమాలు నేను చాలా చూశాను. వాటిలో ఒకటి మాదే.

అందుకే ఒకటే నియమం పెట్టుకోండి. ఖర్చు మొత్తం స్పాన్సర్ల నుంచి వచ్చాకే పాసులు అచ్చుకు ఇవ్వాలి. హాలు ఒకరు, మైకు ఒకరు, మంచినీళ్లు ఇంకొకరు. బట్టల షాపు, ఎరువుల షాపు, పైపుల డీలరు, ఇలా పంచుకుంటే ఎవరికీ భారం కాదు. అప్పుడు ధైర్యంగా "మీ 200 రూపాయలు పైసాతో సహా ఒక జత అద్దాలకే" అని చెప్పగలరు. పాసు మీద అదే అచ్చు వేయండి.

సినిమా పాటలకు టికెట్ పెడుతున్నారంటే, పాటల రచయితలు, సంగీత దర్శకుల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ అనే సంస్థ నుంచి లైసెన్సు తీసుకోవాలి. సేవా కార్యక్రమం కదా అని మినహాయింపు ఉండదు. కాపీరైట్ చట్టంలో అమెచ్యూర్ సంఘాలకు ఉన్న వెసులుబాటు డబ్బు తీసుకోని ప్రదర్శనలకు, మత సంస్థల కోసం చేసేవాటికి మాత్రమే. ఆ రుసుము బడ్జెట్‌లో ముందే కలుపుకోండి. రాత్రి 10 దాటితే బయట లౌడ్ స్పీకర్ కుదరదు, కాబట్టి 6 గంటలకే మొదలుపెట్టండి.

ఇంత టెన్షన్ వద్దనుకుంటే తేలికైన దారులూ ఉన్నాయి. కార్తీక వనభోజనాలకు మనిషికి ఇంత అని పెట్టి, వంట సామాను సభ్యులే తెచ్చుకోండి. సంక్రాంతికి ముందు లైసెన్సు ఉన్న మహిళా సంఘం చేత అరిసెలు, జంతికలు చేయించి ఆర్డర్ల మీద అమ్మండి. ముందే డబ్బు కట్టించుకుంటారు కాబట్టి మిగిలిపోవడం ఉండదు.

లక్కీ డిప్ కూపన్ల జోలికి మాత్రం వెళ్లకండి. బైకు బహుమతి అంటే కూపన్లు గబగబా అమ్ముడవుతాయి, నిజమే. కానీ ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం నేరం. మంచి పనికి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సిన ఖర్మ ఎందుకు?

6. డబ్బు తీసుకునే పద్ధతి

ఇక్కడ నేను కాస్త కఠినంగా చెబుతాను. క్లబ్బులు విడిపోయేది సిద్ధాంతాల మీద కాదు, రసీదుల మీద.

- ఏ రసీదు పుస్తకం ఎవరి దగ్గర ఉందో, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకానో ఒక రిజిస్టర్‌లో రాసి సంతకం తీసుకోండి. వాడినా వాడకపోయినా పుస్తకం తిరిగి రావాలి.
- క్యూఆర్ కోడ్ క్లబ్ ఖాతాదే అయి ఉండాలి. "ప్రస్తుతానికి నా ఫోన్ పేకి కొట్టండి" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. అతికించే ముందు ఒక రూపాయి పంపి, స్క్రీన్ మీద క్లబ్ పేరే వస్తోందో లేదో చూడండి.
- నగదును ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, మర్నాడే బ్యాంకులో వేయండి. చేతికొచ్చిన నగదులోంచి ఖర్చులు పెట్టకండి. ముందు మొత్తం జమ చేసి, తర్వాత చెక్కు ద్వారా ఇవ్వండి.
- ఒకే దాత నుంచి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు.

80జి, అంటే విరాళం మీద దాతకు వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు గురించి అడుగుతారు. మీ క్లబ్ ట్రస్టుకు ఆ ఆమోదం ఉంటేనే చెప్పండి, లేకపోతే లేదని స్పష్టంగా చెప్పండి. ఉన్నా 2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతలకూ రాదు. పైగా ఒట్టి రసీదు చాలదు. ఏటా దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో పంపి, అక్కడి నుంచి వచ్చే సర్టిఫికెట్ దాతకు ఇవ్వాలి. కాబట్టి పాన్ నంబరు డబ్బు తీసుకునేటప్పుడే రాయించుకోండి. మార్చి తర్వాత వెతుక్కుంటే దొరకవు.

మన ఊళ్లలో ఎక్కువ పొరపాట్లు జరిగేది అమెరికా డబ్బు దగ్గర. "మా అబ్బాయి డల్లాస్ నుంచి పంపిస్తాడు" అంటారు, మనం సంతోషంగా ఖాతా నంబరు ఇచ్చేస్తాం. ఆగండి. ఆ అబ్బాయి ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారైతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని క్లబ్ దాన్ని తీసుకోకూడదు. అలాంటి దాతకు, ఆ నమోదు ఉన్న కంటి ఆసుపత్రి పేరు చెప్పి నేరుగా అక్కడికే పంపమనండి. పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడానికి మొహమాటపడకండి.

7. అద్దాలు ఇచ్చే శిబిరం రోజు

పరీక్ష చేసేది ఆప్టోమెట్రిస్టు గానీ కంటి డాక్టరు గానీ అయి ఉండాలి. సభ్యులు అద్దాల పెట్టె తెరిచి "ఏది బాగుంటే అది తీసుకోండి" అనకూడదు. రెండు కళ్లకూ పవర్ ఒకటే ఉండి, దూరపు చూపు బాగున్నవాళ్లకే రెడీమేడ్ చత్వారం అద్దాలు సరిపోతాయి. మిగతావాళ్లకు చీటీ రాయించి చేయించాలి. శుక్లాలు కనిపిస్తే ఆసుపత్రికి పంపాలి. ఆపరేషన్లు ఆసుపత్రి థియేటర్‌లోనే జరగాలి, బడి గదుల్లోనో కల్యాణ మండపంలోనో ఎంతమాత్రం వద్దు. తీసుకెళ్లి తీసుకురావడానికి వాహనం, తోడు ఒక మనిషి ముందే సిద్ధంగా ఉండాలి.

అద్దాలు ఇచ్చే చోట అక్షరాల చార్టుతో పాటు సూది, దారం, నల్లబట్ట, హుక్కులు పెట్టండి. హుక్కులు కుట్టే ఆవిడ మా శిబిరంలో అద్దాలు పెట్టుకున్నాక చార్టు వంక చూడనే లేదు. చెంగు ముడి విప్పి తన సూదే బయటకు తీసింది. దారం కొసను పెదాలతో తడిపి, వేళ్లతో నులిమి, ఒక్కసారే ఎక్కించింది. మళ్లీ లాగేసి ఇంకోసారి ఎక్కించింది. మూడోసారి అయ్యాక గానీ కుర్చీలోంచి లేవలేదు.

తరచూ జరిగే పొరపాట్లు

అద్దాలు ఇస్తూ ప్రతి ఒక్కరితో ఫొటో దిగడం అన్నిటికంటే పెద్దది. తీసుకునేవాళ్లు తల దించుకుంటారు. దూరం నుంచి అందరూ కలిసిన ఫొటో ఒకటి చాలు, అదీ అడిగి తీయండి.

అందరూ చూస్తుండగా మైకులో పేర్లు చదివి "మీరు ఎంత రాస్తారు?" అని విరాళాలు అడగడం ఇంకొకటి. ఆ రాత్రి రాసిన అంకెలు సగం వసూలు కావు, స్నేహాలు మాత్రం చెడతాయి. హామీ ఇచ్చిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కలో చూపడం కూడా తప్పే. బ్యాంకులో పడిందే మీ డబ్బు.

ఫ్లెక్సీ మీద ముప్పై ఫొటోలు వేసి, శిబిరం ఎక్కడో, ఎన్ని గంటలకో కింద చీమ తలకాయంత అక్షరాలతో వేస్తారు. చత్వారం ఉన్నవాళ్ల కోసం వేసిన ఫ్లెక్సీ అది! ఊరు, చోటు, సమయం పెద్దగా, పైన ఉండాలి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి?

మూడు అంకెలు కలవాలి: రసీదులు, అమ్మిన పాసుల మొత్తం, బ్యాంకు జమ. పది రూపాయల తేడా వచ్చినా కారణం దొరికేదాకా లెక్క ముగించకండి. తర్వాత ఒకే పేజీలో జమ, ఖర్చు, ఇచ్చిన జతలు, మిగులు రాసి 15 రోజుల్లో ప్రతి దాతకూ పంపండి. 50 రూపాయలు ఇచ్చిన కూరగాయల ఆవిడకు వాట్సాప్ లేకపోతే, ఆ కాగితం బండి దగ్గరకు తీసుకెళ్లి చదివి వినిపించండి.

నెల తర్వాత పదిహేను, ఇరవై ఇళ్లకు చెప్పకుండా వెళ్లండి. అద్దాలు మొహం మీద ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా చూడండి. బీరువాలో ఉంటే ఎందుకో అడగండి. తలనొప్పి అంటే పవర్ తేడా, జారిపోతున్నాయంటే ఫ్రేము తేడా. ఆ జాబితా తెచ్చి రాబోయే రెండో గురువారం మినిట్స్‌లో రాయించి, మార్పించే పని ఎవరిదో పేరుతో సహా ఖాయం చేసుకోండి.